ఒరవడి రక్తం

నింగిరేవులో ఆ ఉదయం కూడా వీడ్కోళ్లే. అంగారకుడికి వెళ్లే ఓడ ఎక్కాలంటే ముందు పులికాటు సరస్సు ఒడ్డునున్న రక్తశాలలో పరీక్ష నెగ్గాలి. దారిలో చిన్న గాయమైనా నెత్తురు ఆగకపోతే తొమ్మిది నెలల దాకా ఆసుపత్రి ఉండదు. అందుకే రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు సరిపడా ఉన్నాయో లేదో స్కందిని అనే యంత్రం తేలుస్తుంది.

మనిషి ప్లాస్మాలో కాల్షియం చుక్క వేసి, ఫైబ్రిన్ పోగులు ఎంతసేపట్లో అల్లుకుంటాయో చూస్తుంది. ఆ వేగాన్ని ఒరవడితో, అంటే ఆరోగ్యవంతుల ప్లాస్మాతో పోలుస్తుంది. ఒరవడి నూరు. అరవైకి తగ్గినవాళ్లు భూమ్మీదే ఉండిపోవాలి.

ఒరవడికి ఇరవైమంది రక్తం కలపాలని నియమం. కానీ పాతికేళ్లుగా, అక్కడ పరీక్షలు చేసే నీలవేణి ఒక్కతే రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపుతోంది. "ఎవరిని బతిమాలుకుంటాం? నాదెప్పుడూ నూరే" అనేది.

ఈ రోజు ఆమె ముందు కూర్చున్నది చెల్లెలు కస్తూరి. అమ్మ పోయాక తాను పెంచిన పిల్ల. ఇప్పుడు నీటి ఇంజనీరు. ఎల్లుండి ఓడ. వెళ్లినవాళ్లు తిరిగి రారు.

"యాభై రెండు" అంది స్కందిని.

"ఏందక్కా, నా నెత్తుట్లో నీళ్లు కలిసినాయా?" కస్తూరి నవ్వింది.

నీలవేణి స్టూలు మీద కూలబడింది. నెలరోజులుగా నిద్రలేని కళ్లు మూతలు పడ్డాయి. ఉండిపోతుంది. చెల్లెలు ఇక ఉండిపోతుంది.

"ఈ వారం పదిహేడుమంది ఇలాగే తగ్గారు, నీలవేణిగారూ" అంది యంత్రం. "తప్పు ఒరవడిదేమో. చూడమంటారా?"

వద్దనాలనిపించింది. బయట బల్ల మీద, నిన్న పరీక్ష తప్పిన ముసలాయన ఇంకా కూర్చునే ఉన్నాడు. అంగారకుడి మీద ఆయన కొడుకు ఎదురుచూస్తున్నాడట. నీలవేణి నిట్టూర్చి, నిరుడు మంచులో దాచిన తన పాత ఒరవడిని తెచ్చిపెట్టింది.

"ఈ నెల మీది నూట ఎనభై. భయపడే ఒంట్లో గడ్డకట్టించే ఎనిమిదో ప్రోటీన్ పెరుగుతుంది. ఒరవడి పెరిగేసరికి మిగతావాళ్లది తక్కువగా తేలింది. పాతదానితో చూస్తే కస్తూరిగారిది తొంభై నాలుగు" అంది స్కందిని.

నీలవేణి పదిహేడు కాగితాలూ దిద్దింది. పద్దెనిమిదోదాని మీద సంతకానికి చాలాసేపు పట్టింది.

"పోవచ్చు నువ్వు."

"హమ్మయ్య!" కస్తూరి చెయ్యి చాపింది. "కొత్త ఒరవడికి నాది తీసుకో. నాకేం బెదురు లేదు."

నీలవేణి సూది గుచ్చి, రక్తం తీసి, దూది పెట్టింది. ఒక చేత్తో దాన్ని అదిమిపట్టి, రెండో చేత్తో రక్తం గొట్టాన్ని యంత్రంలో పెట్టింది.

"నూట డెబ్బై ఆరు" అంది స్కందిని. "ఇది ఒరవడికి పనికిరాదు."

కస్తూరి తల వంచుకుంది.

"ఇందాక నిబ్బరంగానే ఉండాను గదక్కా" అంది మెల్లగా. "నువ్వెట్లాగూ పోనియ్యవులే అనుకున్నా."

నీలవేణి చెల్లెలి చేతి మీద దూదిని ఇంకా అదిమి పట్టుకునే ఉంది. నెత్తురు ఎప్పుడో ఆగిపోయింది.