గౌరమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చింది

బుధవారం పొద్దున్నే నందిగామలో తుంపర పడుతోంది. నిలవదని తెలిసీ చూడామణి వాకిట్లో నాలుగు గీతలు ముగ్గు గీసి, లోపలికొచ్చి కుంపటి మీద పాలు పెట్టింది. వెనక వసారాలో అత్తగారు ఉమాకాంతమ్మ విభూతి పెట్టుకుని, పత్తి విడదీసి వత్తులు చేస్తోంది. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. చూడామణి భర్త రామబ్రహ్మం నాగార్జునసాగర్ పనుల్లో గుమాస్తా. నెలకోసారి వచ్చి, బట్టలు ఉతికించుకుని వెళతాడు. పిల్లలు లేరు.

"పాలు పొంగుతున్నట్టున్నాయి."

"దింపుతున్నానండీ."

చాలా రోజులు ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య మాటలు అంతకు మించేవి కావు.

జగ్గయ్యపేటలో ఎనిమిదో తరగతి చదువుతుండగా చూడామణి తండ్రి పోయాడు, దాంతో బడీ పోయింది. మేనమామ ఇంట్లో ఉండి హిందీ పరీక్షలకి కూర్చుంది. రెండోది పాసయ్యేసరికి పెళ్ళి కుదిరింది. నందిగామ వచ్చాక కుట్టుపని నేర్చుకుంది గాని ఇంట్లోకి మిషను రాలేదు. ఏది మొదలుపెట్టినా సగంలో చెయ్యి జారిపోయేది. చివరికి మిగిలింది ఒక్కటే, శ్రావణ మంగళవారాల్లో నోము కథ చదవడం. చదువుకున్న కోడలని వీధిలో ఆడవాళ్ళు పిలిచేవాళ్ళు. ఏడాది పొడుగునా తన గొంతు తనకే వినపడని మనిషికి, పదిమంది చెవులొగ్గి వినే ఆ కాసేపే పండగ.

నిన్న పక్కింటి రత్తమ్మ కూతురు కమలాకుమారి నోము. పెళ్ళయ్యాక మొదటి శ్రావణం. చలిమిడి దీపాల మీద నెయ్యి రాసిన అట్లకాడ పట్టుకుని కమల కూర్చుంది. కథ జరిగినంతసేపూ దీపాల మసి దానికి అంటుకుని కాటుకవుతుంది. ఆ కాటుకనే ముత్తయిదువలకి పంచుతారు. కాటుక పట్టకుండా కథ ఆపకూడదని రత్తమ్మ పట్టింపు. ముసురుకి వత్తులు చెమ్మగిల్లాయో ఏమో, కథ అయిపోయినా అట్లకాడ తెల్లగానే ఉంది.

"ఇంకాస్త చదవమ్మా," అంది రత్తమ్మ.

పుస్తకంలో ఇంకేమీ లేదు. చూడామణి పుస్తకంలోకే చూస్తూ కథ సాగదీసింది.

ఆ ఊళ్ళోనే ఒకావిడ ఉండేది. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఊరందరి నోములకీ వత్తులు చేసేది, పసుపు దంచేది. పేరంటానికి మాత్రం ఎవరూ పిలిచేవారు కాదు. ఒక మంగళవారం గౌరమ్మ అన్ని ఇళ్ళలోనూ పూజలందుకుని, దాహమేసి, ఆవిడ పెరటి గుమ్మంలోకి వచ్చి మంచినీళ్ళడిగింది. నీళ్ళు తాగి, "ఏం కావాలో కోరుకో" అంది.

అక్కడికి కాటుక పట్టింది. చూడామణి కథ ఆపేసింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుని అక్షింతలు వేసుకున్నారు.

ఇవాళ పాలు దించి చూడామణి తలెత్తేసరికి గుమ్మంలో రత్తమ్మ నిలబడి ఉంది.

"చూడామణమ్మా, నిజం చెప్పు. నిన్న చివర్లో చదివింది పుస్తకంలో ఉందా?"

చూడామణి మసిగుడ్డ నలుపుతూ, "కాస్త నేనే కలిపానండీ," అంది.

"కలిపావా? పులుసు చాలకపోతే నీళ్ళు కలుపుతారు గాని, నోము కథలో కలుపుతారా? కంచికచర్ల నుంచి వచ్చిన మా ఆడపడుచు రాత్రే అంది, ఈ ముక్క ఎన్నడూ వినలేదు వదినా అని. చదువుకున్న పిల్ల, పెద్ద పుస్తకంలో ఉండుంటుందిలే అని నేనే దాని నోరు మూయించా."

"కాటుక పట్టేదాకా ఆపకూడదన్నారు కదాండీ."

"అన్నాను. అందుకని కొత్త పెళ్ళికూతురికి, మొగుడు పోయినదాని కథ చెప్పి అక్షింతలు వేయిస్తావా? రేపు మా అల్లుడికి తలనొప్పి వచ్చినా నాకు నిద్ర పడుతుందా?"

రత్తమ్మ భయం ఉత్తది కాదని చూడామణికి తెలుసు. తనూ గౌరమ్మ తల్లికి రోజూ దణ్ణం పెట్టుకునే మనిషే. కానీ, పిలుపు లేని గుమ్మంలోకి అమ్మవారు వచ్చిందనుకోవడం పాపమెలా అవుతుందో ఎంత ఆలోచించినా ఆమెకి అర్థం కాలేదు.

రత్తమ్మ వసారా వైపు తిరిగింది. "పిన్నిగారూ, మీ కోడలి చేత ఈ వీధిలో ఇంక ఎవరం కథ చదివించం. మీ అబ్బాయికి కూడా చెప్పండి."

ఉమాకాంతమ్మ చేతిలో వత్తి పూర్తిచేసి పక్కన పెట్టింది. "తప్పే రత్తమ్మా. దేవుడి కథలో సొంత మాట కలపకూడదు. వచ్చే మంగళవారం ఉన్నది ఉన్నట్టు చదివించి, కమల చేత మళ్ళీ అక్షింతలు వేయించు. దోషం పోతుంది."

"చదివేదెవరు?"

"మీ ఆడపడుచు లేదూ?"

"దానికి చదువెక్కడిది పిన్నిగారూ, వేలిముద్రేగా," అని గొణుక్కుంటూ రత్తమ్మ వెళ్ళిపోయింది.

చూడామణి ఆ పూట అన్నం ముట్టలేదు. ఉన్న ఒక్క ఆసరా పోయింది. మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే అత్తగారు వచ్చి గడప పక్కన కూలబడింది.

"నిన్న గోడ ఇవతల కూర్చుని విన్నా."

"తప్పయిందత్తయ్యగారూ. మీ గురించని కాదు..."

"నా గురించే. ఈ వీధిలో వత్తులు చేసేది ఇంకెవరు?" ఉమాకాంతమ్మ గొంతులో కోపం లేదు. "నాకు అలా ఉంటుందని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. చూస్తున్నాగా."

"చూసేవాళ్ళు లేరనుకున్నా," అందావిడ. "ఇంతకీ గౌరమ్మని ఏం కోరుకుంది? మధ్యలో ఆపేశావు."

"నాకూ తెలీదండీ. కాటుక పట్టేసింది." చూడామణి తటపటాయించి అడిగింది. "మీరైతే ఏం కోరుకుంటారు?"

"ఏముంది కోరుకోడానికి. కాసేపు కూర్చుని వెళ్ళమంటా."

చూడామణి చేతిలోని గిన్నె కింద పెట్టింది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఒంటరిది తనొక్కతే అనుకుంది. గోడకి అటు పక్కవాళ్ళకి కథలు చదివింది గాని, వసారాలో ఉన్న మనిషి పక్కన ఒక్కనాడూ ఊరికే కూర్చోలేదు. కన్నీళ్ళు ఆగలేదు.

"ఏడవకు. రాయి దాన్ని," అంది ఉమాకాంతమ్మ. "నోము కథలో దూర్చకు. విడిగా రాసి కింద నీ పేరు పెట్టుకో. తప్పయినా ఒప్పయినా నీదవుతుంది."

రాయడం కూడా తిన్నగా సాగలేదు. పంపిన పత్రికల వాళ్ళు తిప్పి పంపారు. మధ్యలో రామబ్రహ్మం కాపురం సాగర్‌కి మార్చాడు, అక్కడి నీళ్ళు పడక ఆమెని మళ్ళీ నందిగామ పంపేశాడు. ఆమె కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ వచ్చింది. అరవై మూడులో ఒక వారపత్రిక ఆ కథ వేసుకుంది. వీధిలో ఎవరూ ఆ సంగతి అడగలేదు. అప్పటికి ఉమాకాంతమ్మకి చూపు పోయింది, వత్తులు చేతి అలవాటు మీద చేస్తోంది. చూడామణి ఆవిడ పక్కనే చాప మీద కూర్చుని చదివి వినిపించింది. చివరికొచ్చాక ఆగి, పత్రిక ఒళ్ళో పెట్టుకుంది.

"గౌరమ్మ కూర్చుందా మరి?" అంది ఉమాకాంతమ్మ.

"కూర్చుందండీ."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇంకో కథ రాస్తే, తొందరగా లేపెయ్యకు ఆ తల్లిని."