కొత్తిమీర కోసం ఎర్ర కారు

గర్‌ర్‌ర్‌మంది! గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఎర్ర స్పోర్ట్స్ కారు బంపరును చీల్చి, పొట్టను చెక్కేసింది.

పక్కసీట్లో ఉన్న భర్త కళ్లు గట్టిగా మూసుకున్నాడు, మత్తివ్వకుండా తన పన్నే ఎవరో పీకినట్టు. పళ్ల డాక్టరు మరి! స్టీరింగు పట్టుకున్న ఆమె నాలుక్కరుచుకుంది. కానీ అసలు గండం గేటు లోపల, నడుం మీద చేతులు పెట్టుకుని, మెట్ల మీద నిలబడి ఉంది... ఆయన అక్క!

"బాగుందమ్మా, చాలా బాగుంది! మొగుడు మంచాన పడితే నీకు షికార్లు కావాల్సొచ్చాయా?" వదిన గొంతు వీధి చివరికి వినపడుతోంది. "కొత్తిమీర తేవడానికి ఈ కారా? ఇంట్లో చిన్న కారు కాళ్లు విరిగి పడుందా? చాల్లే! వాడి బట్టలు సర్దేశాను. మా ఇంటికి తీసుకుపోయి హాయిగా పడుకోబెట్టి చూసుకుంటాను."

పడుకోబెట్టి... ఆమె భయమంతా ఆ మాటే.

పక్షవాతం వచ్చి కుడికాలు, కుడిచెయ్యి చచ్చుబడ్డాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి బతిమాలింది, బెదిరించింది. "ఎత్తు తక్కువ పీట మీద కూర్చోబెట్టి లేపుతూ ఉండండి. లేదంటే ఉన్న బలం కూడా పోతుంది" అని చెప్పి వెళ్లింది. ఆయన పీట వైపు కన్నెత్తి చూడలేదు. అన్నానికి లేవలేదు, భార్య కన్నీళ్లకు లేవలేదు.

అప్పుడు తట్టింది ఆమెకు! ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తన చేతికివ్వని ఆ ఎర్ర కారు తాళం. చినుకు పడితే బయటికి తీయడు. గాజులు తగిలి గీతలు పడతాయని ఆమెను ఎక్కించుకోడు. ఆ తాళం గలగలలాడిస్తూ, "కొత్తిమీర అయిపోయింది. ఎర్ర కారు తీస్తున్నా!" అని గుమ్మంలోంచి కేకేసింది.

"ఆగు!" మంచం కిర్రుమంది. "క్లచ్చు తగలేస్తావ్! నేనూ వస్తా!"

ఆ కారు సీటు నేలకు జానెడెత్తు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే బావిలోంచి పైకొచ్చినట్టు రావాలి. ఆయన్ని దింపడానికి మొదట్లో ఆమె, వాచ్‌మన్ చెరోవైపు పట్టుకోవాల్సొచ్చింది. తర్వాత ఆమె ఒక్కతే చాలింది. ఇక ఆ ఇంట్లో రోజూ ఏదో ఒకటి అయిపోయేది... ఉప్పు, సబ్బు, కుట్టుదారం! కారు రద్దీలో వేడెక్కి బుసలు కొట్టేది. కూరల సంచీకి చోటు లేక ఆయన ఒళ్లోనే పెట్టేది. దారంతా తిట్లే! "అదిగో స్పీడ్ బ్రేకర్! ఏటవాలుగా తిప్పు! ఒక్కో చక్రం ఎక్కించు!" ఆ తిట్లు వింటూ ఆమె లోలోపల నవ్వుకునేది, ఏడ్చుకునేది. ఎవరికీ చెప్పలేదు. తనను లేపడానికే ఈ నాటకమని తెలిస్తే ఆయన మళ్లీ గోడవైపు తిరుగుతాడు!

ఇప్పుడు చెప్పేస్తే వదిన నోరు మూతపడుతుంది. కానీ ఆయన వింటున్నాడు...

"సరదా పడ్డాను వదినా," అంది తలొంచుకుని.

"సిగ్గులేకపోతే సరి! ఒరేయ్, దిగరా. ఉండు, నేను పట్టుకుంటా..."

"ముట్టుకోకక్కా!"

తలుపు తెరుచుకుంది. ఎడంచెయ్యి కారు పైకప్పు అంచును పట్టుకుంది. కుడికాలు నేలను వెతుక్కుంది, వణికింది, ఆనింది. ఆయన లేచి నిలబడ్డాడు... ఎవరి సాయమూ లేకుండా!

పట్టుకోబోయిన వదిన చేతులు వెనక్కి తీసుకుంది.

"పడుకోవడానికైతే మీ ఇల్లెందుకక్కా, ఇక్కడా మంచం ఉంది," అన్నాడు ఆయాసపడుతూ. "లేవడానికే ఈవిడ కావాల్సొచ్చింది. కొత్తిమీర కట్ట కోసం ఈ కారు తీసే మనిషి ఎక్కడైనా ఉంటుందా? మొదటిరోజే అర్థమైంది నాకు."

ఆమె చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. మొదటిరోజే!

"తెలిసీ... మీ అక్క రోజూ ఫోన్లో అన్నేసి మాటలంటుంటే, తెలిసీ ఊరుకున్నారా!"

"ఊరుకున్నాను. తెలుసని ఒప్పుకుంటే నువ్వు కారు తియ్యడం మానేస్తావని భయం. మంచం మీద నేను రోగిని. ఇందులో కూర్చుంటే కారు యజమానిని, నిన్ను తిట్టేవాణ్ణి. ఆ కాస్సేపూ..." ఆయన ఎడంచెయ్యి కారు పైకప్పును నిమిరింది. "దానికోసం నిన్ను మాటలు పడనిచ్చాను. తప్పే."

"ఏడిసినట్టుంది మీ సంసారం!" వదిన కొంగుతో కళ్లొత్తుకుంది. "ముందే చెబితే కొత్తిమీర తెమ్మని నేనే తరిమేదాన్ని కదే!" అంటూ సర్దిన పెట్టె విప్పడానికి లోపలికి వెళ్లిపోయింది.

ఆమెకు కోపం, సంతోషం కలిసొచ్చాయి. స్టీరింగు వదలకుండా సీట్లోనే కూర్చుంది. ఆయన కారును పట్టుకుని, చీలిన బంపరు వైపు చూడకుండానే చుట్టూ తిరిగి వచ్చాడు. నడుం కారుకు ఆనించి, ఎడంచెయ్యి చాచాడు.

ఆమె అందుకుంది. ఊరికే పట్టుకున్నట్టు పట్టుకుని, రెండో చేత్తో సీటును నొక్కి తనే లేవబోయింది. ఆయన కనిపెట్టేశాడు.

"నటించకు," అన్నాడు. "బరువు వెయ్యి."

ఆమె వేసింది.