ఇరవై రెండు రంగుల కింద

నీలం వెలుతురు గీత ఒకటి గిటారు మెడ దగ్గర మొదలై, వెంట్రుకవాసి చొప్పున కిందికి జరుగుతోంది. గోడమీది తెరలో అంకె మాత్రం కదలడం లేదు. సున్నా. పావుగంట నుంచీ సున్నానే.

"ఏందమ్మా, మీ మిషను కునుకు తీస్తందా?" అన్నాడు మరియదాసు.

"పైపొర చదువుతోందండీ. లోపలికి దిగాలి," అంది డాక్టర్ తన్మయి.

మరియదాసు తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో సర్దుకున్నాడు. నాలుగేళ్ల కిందట పక్షవాతం కొట్టిన చెయ్యి అది. పక్క కుర్చీలో కూతురు లూర్దు మేరి తెర వంక కాకుండా నేల వంక చూస్తోంది.

ఆనాటి విజయవాడ ఎలా ఉండేదో ముందు చెప్పాలి. పెళ్లికైనా, దసరా పందిట్లోకైనా టిఫిన్ క్యారేజీ అంత పెట్టె ఒకటి తెచ్చి పెడితే చాలు. ఏ పాట కావాలంటే ఆ పాట, ఏ గొంతు కావాలంటే ఆ గొంతు. ఊళ్లో చివరి ఆర్కెస్ట్రా పార్టీ మూతపడి పందొమ్మిదేళ్లయింది. మనుషులు వాయించడం పూర్తిగా ఆగిపోయాక, మనుషులు వాయించిన వాద్యాల మీద జనానికి మోజు పుట్టింది. పూర్వం పాత గిటారుకి విలువ కట్టాలంటే ఏ కంపెనీదో, ఏ సంవత్సరానిదో, కంపెనీ వేసిన రంగు చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసేవారు. ఇప్పుడు అడిగేది ఒక్కటే: దీని మీద ఎన్ని గంటల చెయ్యి ఆడింది?

ఆ గంటలు లెక్కపెట్టే యంత్రమే ఇది. కాగితాల మీద స్పర్శమాపకం అంటారు. జనం తాకుడు మిషను అంటారు. అందులో మాయేం లేదు. వంటింట్లో సన్నికల్లు చూడండి. ఎటువైపు ఎక్కువ అరిగిందో చూస్తే నూరిన మనిషి ఏ చేతివాటమో, ఎటు ఒరిగి కూర్చునేదో చెప్పొచ్చు. ఈ మిషను చూపు అంతకంటే సన్నం. చెయ్యి పడిన ప్రతిచోటా చెమటలోని ఉప్పు, చర్మం జిడ్డు, వేళ్ల ఒత్తిడికి చెక్కలో పడ్డ గుంటలు మిగులుతాయి. పొరపొరా వాటిని చదివి, ఆ చెయ్యి ఎటు కదిలింది, ఎంత బలంతో, ఎంత లయతో, రోజులో ఏ వేళకి, ఎన్ని గంటలు అని లాగుతుంది. ఆ రికార్డునే సన్నటి గ్లౌజులో ఎక్కించి చచ్చుబడిన చేతికి తొడిగితే, కండరాలు ఆ పాత కదలికను మళ్లీ అందుకుంటాయి. వాద్యంలో కనీసం ఏభై గంటల చెయ్యి తేలిందంటే, ఆ కళాకారుడికి స్పర్శమాపక కేంద్రం నుంచి గ్లౌజు ఉచితం.

మరియదాసు వచ్చింది అందుకే.

"పైపొరలో ఏమీ లేదండీ," అంది తన్మయి. "పైన పూసిన ఈ లక్కరు పాలిష్ కొత్తది. రంగు మార్పించారా?"

"మార్పించడం ఏంటమ్మా, ఇరవై రెండు రంగులు చూసింది ఇది. గుణదల్లో రైలింజన్ డ్రైవరొకాయన పోతే ఆయన భార్య దగ్గర కొన్నా. అప్పుడు మంచి చెరుకు బెల్లం రంగు. మా ఆర్కెస్ట్రా లీడరు ఊరుకుంటాడా? దసరాకి ఆయుధపూజ, గిటారు తళతళలాడాలనేవోడు. ఏటా ఆటోనగర్ తీసుకుపోయి లారీ బాడీలకి వేసే రంగు కొట్టించేవోడు. ఒక ఏడు ఆకుపచ్చ, ఒక ఏడు కుంకం రంగు. ఒక ఏడాదైతే ఎనకమాల చిలకని కూడా ఏయించాడు. 'హారన్ ప్లీజ్' ఒకటే తక్కువ."

తన్మయి నవ్వింది. "అవన్నీ ఇప్పుడేవి?"

"మా అమ్మాయి హైదరాబాద్ షాపుకి పంపి తీయించింది. మిషను మీద తీశారంట. మళ్లీ బెల్లం రంగు వేయించింది."

తన్మయి నవ్వు ఆగింది. "అయ్యో! ఒక్కో రంగూ ఒక్కో మూతండీ. ఆ ఏడాది మీ చెయ్యి మొత్తం దాని కింద భద్రంగా ఉండేది. ఇరవై రెండు పొరలంటే పదివేల గంటలకు తక్కువ ఉండదు. మాకు అంత వాద్యం ఇంతవరకూ రాలేదు."

లూర్దు బొటనవేలితో అరచేతిని రుద్దుకుంటూ ఉండిపోయింది. అక్కడ ఒక కాయ ఇంకా గట్టిగానే ఉంది.

జరిగింది వేరు. జబ్బు చేయడానికి ముందు పాత వాద్యాలు కొనేవాడొకడు ఇంటికొచ్చి, గిటారు తిరగేసి, "కంపెనీ రంగు ఉండుంటే మ్యూజియం సరుకు. దీనికా... కట్టెల రేటు," అనేసి పోయాడు. మరియదాసు పైకి నవ్వాడు. మర్నాటి నుంచి గిటారు ముఖం గోడకి తిప్పిపెట్టాడు. తర్వాత పక్షవాతం వచ్చి, కసరత్తులు చేయించే ఆసుపత్రిలో నలభై రోజులున్నాడు. మొదటి పది రోజులు లూర్దు వీడియోలు చూసి నేర్చుకుని, మిగతా రోజుల్లో రోజూ సాయంత్రం నాలుగింటికి కూర్చుని, గరుకు ఉప్పుకాగితంతో ఇరవై రెండు రంగులూ తనే గీకేసింది. నాన్న ఇంటికొచ్చేసరికి ఆ గిటారు ముఖం ఇటు తిరిగి ఉండాలని. అప్పటికి తాకుడు మిషను పుట్టలేదు. తన చేతులమీద నాన్నకి నమ్మకం లేదు కాబట్టి షాపు పేరు చెప్పింది. అంతే, అంత చిన్న అబద్ధం.

తెరమీద అంకె కదిలింది. ఒకటి. నాలుగు. పదిహేడు.

"చెక్కలో ఉంది!" తన్మయి లేచి నిలబడింది. "లక్కరు కింద, చెక్క పోగుల్లో ఎవరిదో కుడిచెయ్యి..."

అంకె అరవై ఒకటి దగ్గర ఆగింది.

"ఎవరిదో ఏంటమ్మా? నాది!"

"కణాలు మీవాటితో సగమే కలుస్తున్నాయండీ. లక్కరు దెబ్బకి పాడైపోయుంటాయి. పాత సరుకులో సగం కలిస్తే చాలంటాయి మా రూల్సు. చూడండి, ముందుకీ వెనక్కీ, ఒకే లయ, రెండేసి గంటలు ఆపకుండా."

"ఆపితే లీడరు ఊరుకుంటాడా?" మరియదాసు కళ్లలో నీళ్లు తిరిగాయి. "దసరా ప్రోగ్రాములమ్మా అవి. చూశావటే లూర్దూ, ఇరవై రెండు రంగులు గీకేసినా పోలేదే నా చెయ్యి!"

నాలుగేళ్లలో నాన్న అలా నవ్వడం లూర్దు చూడలేదు.

సంతకాలకని పక్కగదిలోకి వెళ్లినప్పుడు లూర్దు అడిగింది. "మేడమ్, అది వాయింపు కాకపోతే?"

"గిటారు మీద చెయ్యి ఇంకెందుకు అలా ఆడుతుందండీ?" తన్మయి ఆశ్చర్యపోయింది. ఆమెకి ముప్పై ఏళ్లు. మనిషి గిటారు వాయించగా ఎదురుగా ఎన్నడూ చూడలేదు. "అనుమానం ఉంటే ఇప్పుడే చెప్పండి, దరఖాస్తు మూసేస్తాను. మళ్లీ తెరవడం మాత్రం కుదరదు. ఇంకో సంగతి. నరాలు దీన్ని ఒక్కసారే నేర్చుకుంటాయి. ఒకసారి ఎక్కించాక తీయలేం, మార్చలేం."

తలుపు అవతల మరియదాసు ఎడమచేతి వేళ్లు చేతికర్ర మీద లేని తీగలు నొక్కుతున్నాయి. ఏదో పాట మెట్లు.

ఆ అరవై ఒక్క గంటల్లో కొన్నైనా నాన్నవై ఉంటాయేమో అనుకుంది లూర్దు. ఉండవని తెలుసు. సంతకం పెట్టింది.

మూడు వారాలకి గ్లౌజు వచ్చింది. ఉల్లిపొర అంత పల్చన. తన్మయి దాన్ని మరియదాసు కుడిచేతికి తొడిగి, గిటారు ఒళ్లో పెట్టింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఎడమచేత్తో గిటారు మెడమీది మెట్టు నొక్కిపట్టుకుని, "కానీండి," అన్నాడు.

చెయ్యి లేచింది. 

చెయ్యి తీగల దగ్గర ఆగలేదు. వాటిని దాటి, గిటారు ఒంటి మీద అరచెయ్యి ఆనించి, ముందుకీ వెనక్కీ రుద్దసాగింది. ముందుకీ వెనక్కీ. చెక్క పోగు ఎటుంటే అటు. అంచు దగ్గర వేళ్లు ముడుచుకుని చిన్న చిన్న సున్నాలు చుట్టాయి. కాసేపటికి చెయ్యి పక్కకి జరిగి, గిటారు అంచుమీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టింది. మళ్లీ వచ్చి రుద్దసాగింది.

"ఇది... ఏ రకం వాయింపండీ?" అంది తన్మయి నెమ్మదిగా.

మరియదాసు ఇరవై రెండేళ్లు ఆటోనగర్లో రంగులవాళ్ల పక్కన స్టూలేసుకుని కూర్చున్నవాడు. ఉప్పుకాగితంలో దూరిన పొడి రాలడానికి దాన్ని అలా రెండుసార్లు కొడతారని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను తలెత్తి కూతురి చేతుల వంక చూశాడు. ఆమె వాటిని చున్నీ కింద దాచుకుంది.

"షాపన్నావు?"

"నీకు చెబితే వద్దంటావని..."

"ఎన్నాళ్లు గీకావు?"

"ముప్పై రోజులు నాన్నా."

అతను ఎడమచేత్తో గిటారు ఒంటిని తడిమి చూశాడు. తర్వాత అన్నాడు. "పోగు తప్పకుండా బాగానే గీకావే. నేనే అనవసరంగా అనుమానపడ్డా."

అంతకుమించి ఆ విషయం అతను ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తుంటే బాగుండేదని లూర్దు ఇప్పటికీ అనుకుంటుంది.

చేతికి ఆ ఒక్క పనే మిగిలిపోయింది. అన్నం ముద్ద ఎత్తదు, బొత్తాం పెట్టదు. రోజూ నాలుగింటికి మాత్రం లేస్తుంది. కొన్నాళ్లు మంచంపట్టీని రుద్దింది, కొన్నాళ్లు గోడని.

"అమ్మాయ్, ఆ గిటారు ఇటియ్యి. లేకపోతే ఇంటిగలోళ్లు గోడ అరిగిందని గొడవకొస్తారు," అంటాడు మరియదాసు. లూర్దు తెచ్చి ఒళ్లో పెడుతుంది. తీగలు ఎప్పుడో విప్పేసింది, వేళ్లు కోసుకుంటున్నాయని. బెల్లం రంగు పోయింది. లోపలి చెక్క అరిగి నున్నగా, పల్లంగా అయింది.

ఏడాదికోసారి గిటారు విలువ తాజా చేయాలని స్పర్శమాపక కేంద్రం రూలు. ఈసారి తన్మయి రాలేదు. ఎవరో కొత్త ఉద్యోగి వచ్చి, మిషను పెట్టి, అంకె చూసి చేతులు జోడించాడు.

"ఆరొందలు దాటిందండీ! అదీ జీవించి ఉన్న కళాకారుడి చెయ్యి, ఈ ఏడాదిదే. మొదటి శ్రేణి. ఇంత విలువైన గిటారు మన జిల్లాలోనే లేదు. అదే, కంపెనీ రంగు కూడా ఉండుంటేనా..."

"విన్నావటే?" అన్నాడు మరియదాసు కూతురితో. "కట్టెల రేటన్నాడు ఆనాడు."

నాలుగు కావస్తోంది. చెయ్యి లేచి పని మొదలెట్టింది. ఉద్యోగి భక్తిగా చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి చెయ్యి పక్కకి జరిగి, గిటారు అంచుమీద రెండుసార్లు కొట్టింది. లూర్దు అలవాటు చొప్పున వంగి, అక్కడ లేని పొడిని నోటితో ఊదింది.