చెల్లని గోల్

"బాబూ, ఆ దుప్పటి కాస్త దించుతావా? మేం ఫుట్‌బాల్ చూడ్డానికొచ్చాం. మీ ఇంటి పక్కబట్టలు కాదు."

జోయెల్ ఆష్‌వర్త్ తల తిప్పలేదు. తిప్పితే చేతిలో కొస జారిపోతుంది. అతను రెండు చేతులూ చాపి పట్టుకున్న తెల్ల దుప్పటి మీద నల్లరంగుతో 'మా క్లబ్బు అమ్మకానికి లేదు' అని రాసి ఉంది. దాని అంచున వాళ్ళమ్మ కుట్టిన ఊదా పువ్వులు కూడా ఉన్నాయి. సగం దుప్పటి పక్క సీటులోని అమ్మాయి ముందు తెరలా వేలాడుతోంది.

"చదివావా?" అన్నాడు.

"చదివాను. అమ్మకం ఎప్పుడో అయిపోయింది. రాసేముందు పేపరు చూడాల్సింది."

"మనసులో మేం అమ్మలేదు."

"అయితే మనసులోనే పట్టుకో. చేతులు దించు."

వెనక వరసలో క్లెగ్ మామ్మ పకపకా నవ్వింది. ఆ ముసలావిడ ఎప్పట్నుంచి అక్కడ కూర్చుంటోందో ఎవరికీ గుర్తులేదు. ఒళ్ళో టీ ఫ్లాస్కు, జేబులో పిప్పరమెంట్లు, నోటి నిండా వ్యాఖ్యానాలు.

అంతలో వాన మొదలైంది. కాల్డర్బీలో వాన చెప్పి రాదు, చెప్పి పోదు. దుప్పటి తడిసింది. నల్లరంగు కారి జోయెల్ చేతుల మీదుగా వచ్చి ఆ అమ్మాయి పసుప్పచ్చ కోటు చేతి మీద మరకైంది.

ఆమె మరక వంక చూసింది. అతని వంక చూసింది. "ఉతికితే పోతుందా?"

జోయెల్ ఊళ్ళో బస్ డిపోలో మెకానిక్. అబద్ధం చెప్పలేకపోయాడు. "బస్సులకి వేసే రంగు. కోటు పోతుందేమోగానీ అది పోదు."

తిట్టడానికి ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గోల్ పడింది.

కాల్డర్బీ మైదానంలో ఒక ఆచారం ఉంది. గోల్ పడితే పక్కనున్న మనిషిని కావలించుకోవాలి. ఎవరైనా సరే. కింది వరసలో విడాకులు తీసుకుని కూడా సీట్లు వదులుకోని భార్యాభర్తలున్నారు. గోల్ పడితే వాళ్ళూ కావలించుకుంటారు. ఆట మళ్ళీ మొదలవగానే ఎవరి మొహం వాళ్ళు తిప్పుకుంటారు. గోల్ కౌగిలికి లెక్కుండదు. తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కాబట్టి తిట్టబోయిన అమ్మాయి జోయెల్ మెడ చుట్టూ చేతులు వేసింది. అతను దుప్పటితో సహా ఆమెను పట్టుకున్నాడు. ఆమె జుట్టులో వాన వాసన వేసింది. ఆట మొదలయ్యాక ఇద్దరూ విడిగా కూర్చుని బుద్ధిగా ముందుకు చూశారు.

"నా పేరు రొవీనా," అంది ఆమె చాలాసేపటికి. "ఈయన మా నాన్న, క్లిఫ్. నీ దుప్పటి వల్ల ఆయనకి మొదటి పది నిమిషాలు కనబడలేదు."

అవతలి సీటులో ఉన్న పెద్దాయన చెయ్యెత్తాడు. "పర్లేదురా అబ్బాయ్. ఆ పది నిమిషాలూ మనవాళ్ళు బాగా ఆడలేదు."

*

ఆ సంవత్సరమంతా, సొంత ఊళ్ళో మ్యాచ్ ఉన్న ప్రతి శనివారం వాళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ప్రతి శనివారం పోట్లాడుకున్నారు.

క్లబ్బును కొన్న పెద్దమనిషికి చమురుంది, ఓడలున్నాయి, హోటళ్ళున్నాయి. హెలికాప్టర్‌లో వచ్చి పచ్చగడ్డి మీద ఫొటో దిగి వెళ్ళాడు. ఆ తర్వాత మంచి ఆటగాళ్ళు వచ్చారు. గెలుపులూ వచ్చాయి. జోయెల్‌కి గెలుపులు నచ్చేవి, నచ్చుతున్నందుకు తనమీద తనకే కోపం వచ్చేది.

"మొన్న టీవీలో స్పెయిన్ మ్యాచ్ చూశావా?" అని అడిగింది రొవీనా ఒక విరామంలో, మాంసం కూరిన వేడి రొట్టె కొరుకుతూ.

"చూశాను. ఒక యువరాజు కొన్న జట్టుకీ, ఒక బ్యాంకు కొన్న జట్టుకీ పోటీ. ఎవరు గెలిచినా గెలిచేది డబ్బే."

"ఆ రెండో గోల్ చూశావా లేదా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"లేచి నిలబడ్డాను."

"అదీ! ఇంట్లో సోఫా మీంచి లేచి నిలబడతావు, ఇక్కడికొచ్చి మడి కట్టుకుంటావు."

"నవ్వకు. ఈ నేల ఎవరిది? ఈ ఊరి నేతపనివాళ్ళు తలా కాస్త వేసుకుని కొన్న నేల. అందుకే కదా మన జట్టుని నేతగాళ్ళంటారు? రేపు ఆయనకి విసుగు పుడితే ఇంకెవరికో అమ్మేస్తాడు. మనల్ని కూడా కలిపి."

"మా నాన్న ఆ నేత మిల్లుల్లోనే పనిచేశాడు," అంది రొవీనా. "జీవితమంతా బురదలో నిలబడి ఓటములు చూశాడు. మనవాళ్ళు యూరప్ జట్టు మీద ఆడటం ఆయన ఒక్కసారి చూడాలి. అందుకు దెయ్యం డబ్బిచ్చినా వద్దనను."

"దెయ్యమైతే కనీసం మ్యాచ్‌కొస్తుంది," అంది వెనకనుంచి క్లెగ్ మామ్మ.

ముగ్గురూ నవ్వారు. పోట్లాట ముగియలేదు, వచ్చే శనివారానికి వాయిదా పడింది అంతే.

రొవీనా బజారు వీధిలో కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. లైన్ దగ్గర జెండా ఎత్తే రెఫరీని చూసినప్పుడల్లా "మా షాపుకి రమ్మనండి, తగ్గించి ఇస్తాం," అని అరిచేది. జోయెల్ అది విని ప్రతిసారీ కొత్తగా నవ్వేవాడు. ఒకరి ఫోన్ నంబరు ఒకరు అడగలేదు. సీటు దగ్గర దొరికే మనిషికి నంబరెందుకు? అదీగాక అడిగితే, ఇది ఫుట్‌బాల్ కాదని ఒప్పుకోవాలి.

చలికాలం పోతుండగా క్లబ్బు ఒక ప్రకటన చేసింది. వచ్చే ఏడు జోయెల్ వాళ్ళు కూర్చునే వరసలన్నీ తీసేసి డబ్బున్నవాళ్ళకి అద్దాల గదులు కడతారు. పాతవాళ్ళు పై అంతస్తుకి వెళ్ళొచ్చు.

ఆ వారమే కొందరు అభిమానులు విడిపోయి సొంత క్లబ్బు పెట్టుకోవాలని తీర్మానించారు. పాత అద్దకం మిల్లు వెనక మైదానం, చెక్క బల్లలు, యజమాని లేడు. జోయెల్ మొదటి వరసలో చెయ్యెత్తాడు.

"అయితే వెళ్ళిపోతావా?" అని అడిగింది రొవీనా.

"ఈ సీజన్ అయ్యాక."

ఆమె ఇంకో మాట కోసం చూసింది. అతను టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. 'నువ్వూ రా' అన్న ఆ రెండు ముక్కలు అతను సీజన్ ముగిసేలోపు అంటాడా అని ఆమె ఎదురుచూడసాగింది. ఆమెకు ఆట మీదకన్నా దాని మీదే ధ్యాస ఎక్కువైంది.

*

క్లిఫ్ కోరిక తీరింది. వసంతంలో ఒక బుధవారం సాయంత్రం కాల్డర్బీకి పోర్చుగల్ జట్టు వచ్చింది. ఆ ఊరి మైదానం అంతమందితో ఎప్పుడూ నిండలేదు. క్లిఫ్ పెళ్ళినాటి టై కట్టుకొచ్చాడు.

ఒకటికి ఒకటి. ఆట చివరి నిమిషాలు. మూలనుంచి బంతి లేచింది, ఎవరి తలకో తగిలింది, వల కదిలింది.

జోయెల్‌కి ఏమీ వినబడలేదు. రొవీనా అతని మెడ పట్టుకు వేలాడుతోంది. ఈసారి ఇద్దరిలో ఎవరూ వదల్లేదు. ఆ గోలలో ఆమె అతని చెవి దగ్గర అంది, "సీటు వదిలేస్తాను. నువ్వెక్కడ కూర్చుంటే అక్కడే కూర్చుంటాను."

అతను ఏదో అనబోయాడు. అప్పుడు జనం ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు.

పెద్ద తెర మీద అక్షరాలు వచ్చాయి. గోల్ పరిశీలనలో ఉంది.

రెఫరీ చెవి మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడో ఒక గదిలో ఎవరో వీడియో వెనక్కీ ముందుకీ తిప్పుతున్నారు. రొవీనా చేయి జోయెల్ చేతిలోనే ఉంది. ఆమె తెర వైపు చూడటం లేదు, అతని వైపే చూస్తోంది.

అతను ఆమె భుజం మీదుగా క్లిఫ్‌ని చూశాడు. ఆయన టై ముడి పట్టుకుని, పెదాలు కదుపుతూ, ప్రార్థిస్తున్నట్టున్నాడు. ఆయన పక్కన ఇరవై ఏళ్ళుగా ఉన్నది కూతురొక్కతే. తను సరేనంటే వచ్చే ఏడు ఆ పెద్దాయన పైఅంతస్తులో ఒంటరిగా కూర్చుంటాడు. జోయెల్‌కి అది దొంగతనంలా అనిపించింది. పైగా ఆమె గోల్ సంబరంలో అందేమో. రేపు పొద్దున్న సిగ్గుపడుతుందేమో.

వీడియోలో చూశామన్న గుర్తుగా రెఫరీ చేతులతో గాల్లో డబ్బా గీశాడు. ఆటగాడి బూటు కొన ముందుకుందట, ఆఫ్‌సైడ్. గోల్ చెల్లదు.

వేలమంది ఒకేసారి మూలిగారు. రొవీనా ఇంకా అతని వైపే చూస్తోంది.

జోయెల్ నవ్వాడు. "అయితే ఇదీ లెక్కలోకి రాదన్నమాట," అన్నాడు, కలిసిన చేతుల వైపు చూపిస్తూ.

ఆమె ఒక్కసారి తెర వైపు చూసింది. తర్వాత తనూ నవ్వింది. "అంతేగా మరి." చేయి తీసుకుని మరకున్న కోటు జేబులో పెట్టుకుంది.

క్లెగ్ మామ్మ చుట్టిన పేపరుతో అతని నెత్తి మీద ఒకటేసింది. "మొద్దు వెధవా," అంది. గోల్ గురించే అనుకున్నారు పక్కవాళ్ళు.

ఆ తర్వాత సొంత ఊళ్ళో ఒక్క మ్యాచే మిగిలింది. అది మొదలైన దగ్గర్నుంచీ జోయెల్ ఒక గోల్ కోసం దేవుణ్ణి వేడుకున్నాడు. గోల్ పడితే ఆమె అతని వైపు తిరుగుతుంది, అప్పుడు చెప్పొచ్చు. మనవాళ్ళు బంతిని గోల్ కొయ్యకు కొట్టారు, ఆకాశంలోకి కొట్టారు, కీపరు చేతుల్లోకి కొట్టారు. గోల్ మాత్రం వేయలేదు. ఆఖరి ఈల వేశాక ఇద్దరూ కరచాలనం చేసుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు, వ్యాపారం ముగించుకున్నవాళ్ళలా.

వేసవిలో అతను కళ్ళజోళ్ళ షాపు దాకా వెళ్ళాడు. అద్దంలోంచి చూస్తే ఆమె ఒక పాపకి కొత్త కళ్ళద్దాలు పెట్టి, అద్దం చూపించి నవ్విస్తోంది. లోపలికి వెళ్ళి ఏమనాలి? చూపు బాగానే ఉంది, బుద్ధే లేదు అనా? వెనక్కి తిరిగి వచ్చేశాడు.

*

రెండేళ్ళ తర్వాత, అభిమానులు పెట్టుకున్న ఆ చిన్న క్లబ్బు కప్పు పోటీల్లో ఒక్కో మెట్టూ ఎక్కింది. చీటీలు తీస్తే ఎదురుగా పడింది వాళ్ళ పాత క్లబ్బు కాల్డర్బీ టౌనే. ఆట పెద్ద మైదానంలో.

జోయెల్ అతిథి జట్టు అభిమానుల మూలలో కూర్చున్నాడు. వెనక క్లెగ్ మామ్మ. ఆవిడ ఎప్పుడో చిన్న క్లబ్బుకి మారింది, అక్కడ టీ చిక్కగా ఉంటుందని. అతిథులకీ టౌన్ అభిమానులకీ మధ్య కొన్ని సీట్ల మీద వల కప్పారు. ఆ వలకి అవతల, పసుప్పచ్చ కోటు.

విరామంలో అతను వల దాకా నడిచాడు. ముందుగా వచ్చింది క్లిఫ్. మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు.

"బాగున్నావురా? మీ కీపరు భలేవాడు."

"బాగున్నాను. మీరు?"

"మోకాళ్ళు తప్ప అన్నీ బాగున్నాయి." పెద్దాయన వల మీద చేయి వేశాడు. "ఆ రోజు మా అమ్మాయి నీతో అన్న మాట నేను విన్నానురా. నువ్వు నా వైపు చూడటమూ చూశాను. ఒరేయ్, నేనేమన్నా చంటిపిల్లాణ్ణా, ఒంటరిగా కూర్చోలేకపోవడానికి? అప్పుడే చెప్పాల్సింది నేను. తెర వైపు చూస్తూ ఉండిపోయాను."

ఆయన టీ కోసమని వెళ్ళిపోయాడు. రొవీనా వచ్చి నిలబడింది. కోటు చేతి మీద మరక అలాగే ఉంది.

"పోలేదన్నమాట," అన్నాడు.

"పోదని నువ్వే చెప్పావుగా." మరక తడుముతూ అంది, "మీ మైదానానికి నేనొకసారి వచ్చాను. మీ మొదటి మ్యాచ్‌కి. గేటు దాకా."

జోయెల్ వల దగ్గరికి ఇంకో అడుగు వేశాడు.

"నీ పక్కన బల్ల మీద బ్యాగుంది. వచ్చినవాళ్ళనందర్నీ 'మనిషున్నారు' అని పంపేస్తున్నావు. ఎవరో దొరికారనుకున్నాను. తిరిగి వెళ్ళిపోయాను."

"అది నీకోసం," అన్నాడు. "ఆ సీజనంతా అక్కడే పెట్టాను. మామ్మ తిట్టి తీయించేదాకా."

ఆమె వల దారాన్ని వేలితో మీటుతూ ఉండిపోయింది. ఆ వేలికి ఉంగరముంది.

"అతనికి ఫుట్‌బాల్ తెలీదు," అంది చివరికి. "ఇవాళ కూడా రాలేదు, తోటలో ఉల్లిగడ్డలు నాటుతున్నాడు. నన్ను అడగాలనిపించిన రోజే అడిగాడు, జోయెల్. గోల్ కోసం చూళ్ళేదు."

"ఆ గోల్..." అన్నాడతను. "నా దృష్టిలో చెల్లింది. ఆ రోజే చెల్లింది."

"తెలుసు," అంది ఆమె మెల్లగా. "ఇప్పుడు తెలిసింది."

ఈల వినబడింది. ఇద్దరూ ఎవరి వైపుకి వాళ్ళు వెళ్ళారు.

చిన్న క్లబ్బు మూడు గోల్స్ వెనకబడింది. ఇంక కొద్దిసేపే ఉందనగా, వాళ్ళ వెనకవైపు ఆటగాడు, ఊళ్ళో పాలవ్యాను నడిపే కుర్రాడు, దూరంనుంచి గుడ్డిగా ఒక్క తన్ను తన్నాడు. బంతి ఎవరికో తగిలి వలలో పడింది. అతిథుల మూల పేలిపోయింది. జోయెల్ అలవాటుగా ఎడమవైపు తిరిగి చేతులు చాపాడు. అటు ఎవరూ లేరు, వలే ఉంది.

పెద్ద తెర మీద అవే అక్షరాలు. గోల్ పరిశీలనలో ఉంది.

వలకి అవతల రొవీనా తెర వైపు చూడటం లేదు. అతనూ చూడటం లేదు. ఆ కాస్త వ్యవధీ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

రెఫరీ మైదానం మధ్యకి చేయి చూపించాడు. గోల్ చెల్లింది.

జోయెల్ మీద జనం విరుచుకుపడ్డారు. క్లెగ్ మామ్మ వెనకనుంచి అతని మెడ పట్టుకుని, "ఏడవకురా, ఓడిపోతున్నాంగానీ గోల్ మనదే," అంది. ఆ చేతుల మధ్యలోంచి అతను చూశాడు. అవతల మైదానమంతా చేతులు కట్టుకుని కూర్చుంటే, ఒక్క పసుప్పచ్చ కోటు లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

"కూర్చోవే, మనవాళ్ళు చూస్తున్నారు," అంటున్నాడు క్లిఫ్.

ఆమె కూర్చోలేదు. ఆట మళ్ళీ మొదలయ్యేదాకా కొడుతూనే ఉంది.