ఎర్రగుట్ట బాయిలో చప్పుడు

వేషవేళ ముగిసినట్టు నగరమంతటా గంట మోగి చాలాసేపయింది. ఆగిపోయిన ట్రాములు మళ్లీ కదిలాయి. కాసేపటి క్రితం వరకూ ఏ రాజ్యానికి సేనాపతులుగా ఉన్నారో, ఏ ఓడను నడిపారో ఇంకా పూర్తిగా మరిచిపోని ముఖాలతో మనుషులు బాల్కనీల్లో నిలబడి టీ తాగుతున్నారు. ఆమని పని నుంచి ఇంటికి వచ్చేసరికి ఆమె భర్త వినీల్ మాత్రం ఇంకా వాలుకుర్చీలోనే ఉన్నాడు. వేషలోకాల్లోకి తీసుకెళ్లే తలచుట్టు తీయలేదు. కళ్లు మూసుకునే ఉన్నాయి.

వేషలోకంలోకి వెళ్లినవాళ్ల ఒళ్లు కదలదు. కదలికలన్నిటినీ తలచుట్టు మెడ దగ్గరే ఆపేస్తుంది. కానీ వినీల్ వేళ్లు కదులుతున్నాయి. కుర్చీ చేతుల మీది గుడ్డను గీరుతున్నాయి. గుడ్డ చిరిగి లోపలి పీచు బయటికొచ్చింది. గోళ్ల సందుల్లో రక్తం ఎండి నల్లబడింది.

ఆమని గబగబా అతని చెవి వెనకున్న మేలుకొలుపు పట్టీ నొక్కింది. వినీల్ కళ్లు తెరిచాడు. ఆమెను చూసి సంతోషించలేదు.

"ఎందుకు లేపావు? ఇంకాస్త రాయి తీస్తే సరిపోయేది."

"గంట మోగి ఎంతసేపయిందో తెలుసా? అన్నం కూడా ముట్టుకోలేదు నువ్వు."

"వాడు కొడుతూనే ఉన్నాడు ఆమనీ. ఎలా వచ్చేయమంటావు?"

"ఎవడు?"

"రాయి వెనకాల ఉన్నవాడు."

వినీల్ దిగే ఆ లోకాన్ని కట్టింది ఆమనే. ఆ రాయి వెనకాల ఆమె ఎవరినీ పెట్టలేదు.

పనులు చాలావరకు యంత్రాలకు పోయాక మనుషులకు మిగిలింది కాలమే. మొదట్లో వేషలోకాలను ఆటలనేవారు. ఆ మాట ఇప్పుడెవరూ అనడం లేదు. పిల్లలు అక్కడే లెక్కలు నేర్చుకుంటారు. పెళ్లి కావలసినవాళ్లు అక్కడే ఒకరినొకరు తెలుసుకుంటారు. మధ్యాహ్నమంతా నగరం కళ్లు మూసుకుని ఇంకెక్కడో బతుకుతుంది. అలాంటి లోకాలను కట్టేవాళ్లను లోకశిల్పులంటారు. ఆమని పేరున్న లోకశిల్పి.

అయితే ఎన్నేళ్లని అవే కోటలు, అవే రాక్షసులు, అవే మాయఖడ్గాలు? ఎవరూ కథ కట్టని చోట్లు కావాలని ఆమని తన సంస్థ అధిపతి కళాధర్‌తో పోట్లాడేది. ఉప్పుమడుల్లో ఒక లోకం కట్టింది. పెద్దగా ఎవరూ రాలేదు. తర్వాత, మూతపడిన ఎర్రగుట్ట బొగ్గుగని, అక్కడివాళ్లు బాయి అనే దాని సంగతి ఆమె చెవిన పడింది. గోదావరి ఒడ్డున ఉండే ఆ కార్మికుల వాడలో బాయి బతుకు బాగా గుర్తున్న మనిషి ఒక్కరే మిగిలారు. ఆమె పేరు మౌనిక. ఒకప్పుడు పడుచుదనం ఉట్టిపడిన ఆ పేరు ఇప్పుడు ముడతల వెనక చేరింది. వాడంతా ఆమెను మౌనికవ్వ అంటుంది.

మౌనికవ్వ స్మృతిమథని ముందు కూర్చుని, తలచుట్టు పెట్టుకుని, తన జ్ఞాపకాలన్నీ ఇచ్చింది. ఆ యంత్రం మనిషి గుర్తుచేసుకున్నదాన్ని చిలికి, చూడగలిగే, ముట్టుకోగలిగే లోకంగా తీస్తుంది. పెళ్లికి ముందు మౌనికవ్వ కూడా బాయిలో దిగి కొలతల పని చేసింది. కాబట్టి చీకటి దారులు, ఊటనీరు, కప్పును మోసే కర్ర దన్నులు విరిగేముందు చేసే శబ్దం, టోపీ దీపం వెలుతురులో మెరిసే బొగ్గు, అన్నీ అలాగే వచ్చాయి. అక్కడ రాక్షసులు లేరు. నెత్తిమీద కప్పు ఒక్కటే శత్రువు. చివరికి ఆ కప్పు కూలుతుంది. కొందరు అవతల చిక్కుకుంటారు. వెతుకుతారు, దొరకరు, లోపల విషవాయువు నిండిందని అధికారులు బాయిని మూసేస్తారు. నిజంగా జరిగింది అంతే. మౌనికవ్వ భర్త ఓదెలు అలాగే పోయాడు. అక్కడితో లోకం ముగిసి, దిగినవాళ్లు బరువెక్కిన మనసుతో ఇళ్లకు రావాలి.

వాళ్లు రావడం లేదు.

మర్నాడు కళాధర్ పిలిపించాడు. ఏ లోకంలో ఎందరున్నారో చుక్కలుగా చూపుతూ ఆయన బల్ల మీద వెలుగుతున్న పటంలో ఒక్క ఎర్రగుట్ట దగ్గరే చుక్కలు ముసిరాయి.

"వేలమంది గంట మోగినా లేవడం లేదు. తిండి మానేశారు. ఇంట్లోవాళ్లు బలవంతాన లేపితే మళ్లీ పోతున్నారు. ఆ చప్పుడు నువ్వు పెట్టావా ఆమనీ?"

"లేదండీ. ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలియదు."

"అయితే లోపలికి వెళ్లి చూడు."

ఆమని వెళ్లింది. తాను కట్టిన దారే అయినా, వాలులో దిగుతుంటే చలి వేసింది. దారి చివర, రాళ్ల గుట్ట ముందు జనం కిటకిటలాడుతున్నారు. గడ్డపారలతో పొడుస్తున్నారు, తట్టల్లో రాళ్లు చేతులు మార్చుకుంటున్నారు. ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. మధ్యమధ్య ఒకరు చెయ్యెత్తితే అందరూ ఊపిరి బిగబట్టి ఆగుతున్నారు. అలా ఆగినప్పుడు ఆమె కూడా విన్నది. రాయి వెనక నుంచి రెండు దెబ్బలు గట్టిగా. కాస్త ఆగి, ఒకటి మెల్లగా.

"కొత్తగా వచ్చావా అమ్మా? ఈ తట్ట పట్టుకో" అంది పక్కనున్న ఆవిడ. బయట ఆవిడ ఎవరో ఏమో కానీ, ఇక్కడ ఒళ్లంతా బొగ్గు మసి.

"ఈ రాయి తరగదండీ" అంది ఆమని. "దీని వెనకాల ఏముందో జ్ఞాపకం ఇచ్చినవాళ్లకే తెలియదు. అందుకని మీరు తీసినకొద్దీ యంత్రం కొత్త రాయి పుట్టిస్తూనే ఉంటుంది."

"అయితే అయింది."

"లోపల మనిషి లేడు. ఇది వట్టి వేషం."

ఆవిడ తట్ట దించి ఆమని ముఖంలోకి చూసింది. "నా వయసు ఎంతనుకుంటున్నావు? ఇన్నేళ్లలో నేను లేకపోతే ఆగిపోయే పని ఒక్కటి లేదు. ఇంట్లో వంట యంత్రం చేస్తుంది, మనవణ్ణి యంత్రం నిద్రపుచ్చుతుంది. ఇప్పుడు ఒకడు ప్రాణం మీదికొచ్చి పిలుస్తున్నాడు. లేడని నువ్వంటే సరా? మరి ఎవరు కొడుతున్నట్టు?"

ఆమని పక్కకు చూసింది. గుంపులో, ముందు వరసలో వినీల్ వీపు కనిపించింది. ఇంట్లో ఏ పని చెప్పినా విసుక్కునే మనిషి మోకాళ్ల మీద కూర్చుని చేతులతో రాళ్లు లాగుతున్నాడు. పేరు పెట్టి పిలిచింది. అతను తిరిగి చూడలేదు.

మరుసటి ఉదయం ఆమని గోదావరి ఒడ్డుకు ప్రయాణమైంది. మౌనికవ్వ వాకిట్లో కూర్చుని పెసలు చెరుగుతోంది. ఆమని అంతా చెప్పింది. చెప్పి, ఆ దెబ్బలను అరుగు మీద వేలితో కొట్టి వినిపించింది.

అవ్వ చేతిలోని చేట ఆగిపోయింది.

"గా సప్పుడు బాయిలది గాదు బిడ్డా" అంది. "మా తలుపు సప్పుడు. రాత్రి షిఫ్టు దిగి అచ్చి ఓదెలు గట్లనే కొట్టేటోడు. రెండు గట్టిగ, నేను లేశిన్నని తెలిసినంక ఒకటి మెల్లగ."

"మరి అది బాయిలోకి ఎలా వచ్చింది అవ్వా?"

"నేనే ఇచ్చిన్నేమో. బాయి మూసినప్పటి సంది నాకు ఇనవడ్తనే ఉన్నది. వండుతాంటె ఇనవడ్తది. బట్టలు పిండుతాంటె ఇనవడ్తది. ఎవలకు జెప్పలే. జెప్తె పిచ్చి లేశిందంటరు గదా. ఇన్నేండ్లు లేశి తలుపు తీసుడు, ఎవలు లేరని మల్ల ఏసుడు."

ఆమనికి అర్థమైంది. జరిగినదానికీ, ఒక మనిషి ప్రతిరోజూ వింటూ బతికినదానికీ తేడా స్మృతిమథనికి తెలియదు. రెండూ దానికి జ్ఞాపకాలే.

"అవ్వా, స్మృతి హక్కు మీది. మీరు ఒప్పుకోనిదే మేము దేన్నీ మార్చకూడదు. ఒక పని చేయొచ్చు. రాయి తరిగేటట్టు చేస్తాను. ఓదెలు గారు దొరికేటట్టు చేస్తాను. అందరూ సంతోషంగా ఇళ్లకు పోతారు."

మౌనికవ్వ తల ఎత్తింది.

"ఎవన్ని తీస్తవు? నువ్వు చేసినోన్నా? వాడు బయటికచ్చి నన్ను పేరు పెట్టి పిలుస్తడు. ఓదెలు గాకపాయె. అప్పుడు నేనేం జెయ్యాలె?"

అవ్వ చేట పక్కన పెట్టింది.

"నన్ను తీస్కపో" అంది అవ్వ. "నేను జెప్త ఆల్లకు."

పడుచు వేషం ఇస్తామంటే మౌనికవ్వ వద్దంది. ఉన్న ఒంటితోనే, ఉన్న చీరతోనే దిగింది. ఆమని చెయ్యి పట్టుకుని వాలు దిగుతూ, చూపు ఆనకపోయినా ఎక్కడ వంగాలో అక్కడ వంగింది. జనం ఆమె ఎవరో తెలియకుండానే దారి ఇచ్చారు. వినీల్ లేచి నిలబడ్డాడు.

అవ్వ రాయి మీద అరచెయ్యి ఆనించింది. రెండు దెబ్బలు. ఒకటి మెల్లగా.

"ఓదెలూ" అంది, పక్కగదిలో ఉన్నవాడితో మాట్లాడినట్టు. "నేను ఇన్న. దినాం ఇన్న. నువ్వు కొట్టలేదని ఎన్నడు అనుకోలే. ఇగ సాలు. అలిసిపోయినవు. పండుకో."

అందరూ చెవులు రిక్కించారు. ఊటనీరు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్లీ దెబ్బ పడలేదు.

"చనిపోయాడా అవ్వా?" అని అడిగాడు వినీల్.

"ఎప్పుడో పోయిండు కొడుకా. మీకు జెప్పెటోల్లు లేకపాయిరి. పోండ్రి, ఇండ్లకు పోండ్రి. మీ కోసం సూశెటోల్లున్నరు."

గడ్డపారలు ఒకటొకటిగా నేల మీద పడ్డాయి. తట్ట పట్టుకున్న ఆవిడ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రానికి పటం మీద ఎర్రగుట్ట దగ్గర ఒక్క చుక్క కూడా మిగల్లేదు. అవ్వ అనుమతితో ఆ లోకాన్ని శాశ్వతంగా మూసేశారు. కళాధర్ ఆమనిని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

వినీల్ ఇంటికి వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. గోళ్లు మానుతున్నాయి. ఇక అంతా సర్దుకుందని ఆమని అనుకుంది. కానీ ఒకరోజు భోజనం దగ్గర వినీల్ ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపేశాడు.

"ఏమైంది?"

"ఏం లేదు" అన్నాడు. అని, కంచం ముందు నుంచి లేచి వెళ్లి వంటింటి గోడకు చెవి ఆనించాడు.

అతనొక్కడే కాదు. ట్రాములో నిలబడిన మనుషులు ఉన్నట్టుండి తల పక్కకు వంచేవారు. వీధుల్లో నడుస్తూ ఆగి, ఎవరిదో ప్రహరీ మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడేవారు. వైద్యులు దానికి శేషధ్వని అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు కానీ చెవుల్లో లోపం లేదు, మెదడులో జాడ లేదు, తలచుట్టులో పొరపాటు లేదు. అవ్వ పొమ్మన్నది కాబట్టి వాళ్లు వచ్చేశారు. వచ్చేశారు గానీ, ఒక మనిషిని అక్కడ వదిలేసి వచ్చామన్న బాధ ఎవరినీ వదల్లేదు.

ఆ రోజుల్లోనే మౌనికవ్వ నుంచి పిలుపు వచ్చింది. ఆమె గొంతులో భయం ఉంది.

"బిడ్డా, నాకు ఇనవడ్తలేదు."

"ఏమిటవ్వా?"

"ఓదెలు సప్పుడు. ఆ దినం సంది లేదు. ఇల్లంత సైలెంటుగ ఉన్నది. చెవు పెట్టి కూసుంటున్న. ఎన్నడు లేనిది ఇప్పుడు నేను ఒక్కదాన్నే అయిన. గా సప్పుడు మీ దాంట్లనే ఉండిపాయెనా? జర సూడరాదు?"

మూసేసిన లోకంలో వెతకడానికి ఏమీ లేదు. వినీల్‌కు ఆమని అవ్వ మాటలు చెప్పింది. అతను "నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్లు" అన్నాడు.

వాళ్లు వెళ్లేసరికి ఎండ బాగా కాస్తోంది. మౌనికవ్వ గదిలో మంచం మీద కూర్చుని ఉంది. కొద్దిరోజుల్లోనే సగమైపోయింది. వినీల్ ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, నాకు వినిపిస్తోంది."

ఆమె ముందుకు వంగి అతని చెయ్యి పట్టుకుంది. తన చప్పుడు ఎత్తుకెళ్లిన దొంగను పట్టుకున్నట్టు కాదు, ఊరి నుంచి వచ్చినవాణ్ణి కబుర్లడిగేటప్పుడు పట్టుకున్నట్టు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఎట్లున్నది? అలిసిపోయినట్టున్నదా?"

వినీల్ కళ్లు మూసుకుని విన్నాడు. ఆమని ఇద్దరినీ చూస్తూ నిలబడింది. ఆ గదిలో ఆ చప్పుడు ఎన్నడూ వెంటాడని మనిషి ఆమె ఒక్కతే.

"లేదవ్వా" అన్నాడు వినీల్. "పని దిగి అప్పుడే వచ్చినవాడు కొట్టినట్టుంది."

మౌనికవ్వ మంచం పట్టెను పట్టుకుని లేచింది. గోడ ఆసరాతో వెళ్లి తలుపు గడియ తీసింది. రెండు రెక్కలూ బార్లా తెరిచింది. వెలుతురు లోపలికి పడింది. వీధిలో ఎవరూ లేరు. ఆమె వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఇంక కొడ్తుండా?"

వినీల్ తల గోడవైపు వాలి ఉంది. వింటున్నాడు. వినిపిస్తూనే ఉందని ఆమనికి అర్థమైంది.

"లేదవ్వా" అన్నాడు చివరికి. "లోపలికి వచ్చేశాడు."

మౌనికవ్వ తలుపు మెల్లగా దగ్గరికి వేసి, బాయి నుంచి వచ్చినవాడికి ముందుగా వేడినీళ్లు కావాలని గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్లింది.