తూము కాడ మూలుగు

చోడవరం నుంచి రావికమతం వెళ్లే దారిలో, కాలవ తూము దగ్గర పొద్దుగూకాక ఎవరూ ఆగేవారు కాదు. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలే బళ్లవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి ఎడ్లని అదిలించేవారు. డెబ్బై ఎనిమిదిలో మొదలైందట — చీకట్లోంచి మూలుగు... "నీళ్లు... నీళ్లు..." అని.

అది బంగార్రాజు గొంతేనని ఊరంతా అనుకునేవారు. అంతకు ఆరేళ్ల కిందట, కరువులో, నీటి వంతు కాడ తగువై పక్కపొలం పరదేశి పారతో కొడితే అతను అక్కడే పోయేడు.

బంగార్రాజు భార్య రాజ్యానికి దెయ్యమంటే భయం లేదు. ఉన్నదల్లా ఒళ్లుమంటే. ఊరందరికీ వినిపించే మొగుడు తనకెందుకు వినిపించడు? ఎన్నిసార్లు వెళ్లి నిలబడిందో! కప్పల బెకబెకలు తప్ప ఇంకేం లేదు.

దానికి తోడు ఊరి పెద్దలొకరు! మూలుగు మొదలైన ఏడే శిక్ష అయిపోయి పరదేశి ఊళ్లోకొస్తే, ఇద్దర్నీ కూర్చోబెట్టేరు. అతను తల వంచుకుని ఒక్క ముక్క మాటాడలేదు. "అయిందేదో అయింది, ఒగ్గేయమ్మా" అన్నారు. ఆఖరి ఘడియల్లో తన మొగుడు ఏమన్నాడో అడుగుదామంటే ఆమెని నోరు తెరవనివ్వలేదు. రాజీ అయిపోయిందని దులుపుకుని లేచిపోయేరు.

ఆ కడుపుమంటతోనే ఆ రాత్రి మళ్లీ తూము దగ్గరకెళ్లింది.

గాలి లేదు... ఆకు కదల్లేదు.

"నీళ్లు..."

రాజ్యం అడుగు వెనక్కెయ్యలేదు. గట్టు మీద ఏదో వంగుంది — నీళ్లు పడుతున్న చప్పుడు.

"ఏటయ్యా... ఇన్నాళ్లకా?"

ఆ ఆకారం ఇటు తిరిగింది. చేతిలో ముంత... పరదేశి!

"నీళ్లడిగేడు వదినా," గుసగుసగా అన్నాడు. "పడిపోయేక నన్నే అడిగేడు. ఇవ్వకుండా పారిపోయేను. అందుకే రోజూ... ఇక్కడ పోస్తన్నాను."

"ఈ మాట అందరి ముందూ సెప్పడానికి నోరు పడిపోయిందేట్రా?"

"నీ మొహం సూసేక మాట రాలేదు."

అతన్ని కాలవలోకి తోసెయ్యాలనిపించింది. తోయలేదు. అక్కడే చతికిలబడింది.

"ఇంకేటన్నాడు? ఒక్కటీ దాయకుండా మొదట్నుంచి సెప్పు."

చెప్పేడు. వెక్కుతూ చెప్పేడు. ఆమె తిట్టింది, ఏడ్చింది, మళ్లీ అడిగింది. క్షమించేనని మాత్రం అనలేదు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి, గుండెల మీది బరువు కాస్త పక్కకి జరిగింది.

లేస్తూ విసుగ్గా అంది — "నీ గొంతు ఇని ఊరంతా జడుసుకుంటన్నార్రా. పోస్తే పొయ్యి గానీ, 'నీళ్లు నీళ్లు' అని మూలగకు."

పరదేశి బిగుసుకుపోయేడు.

"నేను మూలగలేదు వదినా... నీకూ ఇనబడిందా?"