ఏడో సుద్ద గుర్తు

రేపు నీళ్లలోకి దిగాల్సిన పడవలో, పిచ్చుక చూపుడువేలు గోరు దాకా చెక్కలోకి దిగిపోయింది.

ఆ పిల్ల ఉలిక్కిపడి వేలు లాక్కుంది. కొత్త నీలం రంగు పెచ్చులా లేచింది. దాని కింద చెక్క పాలలో నానిన రొట్టెలా మెత్తగా ఉంది.

చుట్టూ చూసింది. షెడ్డులో ఎవరూ లేరు. అమ్మ, మామయ్య బయట పంపు దగ్గర బకెట్లు నింపుతున్నారు. పడవ బాగుచేసిన మేస్త్రి ఇంకా రాలేదు.

గబగబా ఆ రంగు పెచ్చుని బొటనవేలితో అదిమేసింది. అతుక్కుంది. ఇప్పుడు ఎవరు చూసినా ఏమీ తెలియదు.

కానీ పిచ్చుకకి తెలుసు. సరిగ్గా అక్కడే పుచ్చు చెక్క ఎందుకు మిగిలిపోయిందో ఈ లోకంలో తనొక్కదానికే తెలుసు.

ఆ పడవ తాతయ్యది. ముప్పై ఏళ్లు జనాన్ని ఏటికి అటూ ఇటూ దాటించింది. తాతయ్య పోయాక రెండేళ్లు షెడ్డులో దుమ్ము కొట్టుకుని పడి ఉంది. అమ్మ కొత్త కుట్టుమిషను కోసం దాచుకున్న డబ్బంతా తీసి దాని మీద పెట్టింది.

"ఈ డబ్బుతో కొత్త ఫైబర్ పడవే వచ్చేది కదక్కా! నీకు పడవ కావాలా, నాన్న జ్ఞాపకం కావాలా?" అని మామయ్య గొణిగాడు.

"రెండూ ఇదేరా," అంది అమ్మ.

 మర్నాటి నుంచి రంగు డబ్బాలు మోసిందీ మామయ్యే, రంగు పూసిందీ ఆయనే.

ఆ చుట్టుపక్కల చెక్క పడవలు బాగుచేసేవాడు మేస్త్రి ఒక్కడే మిగిలాడు. ఆయన పని తీరే వేరు. కొయ్యసుత్తితో ప్రతి పలకనీ ఒక్కసారి కొడతాడు. చెవి ఆనించి వింటాడు. 'ఠంగ్' అంటే గట్టి చెక్క. 'దబ్' అంటే పుచ్చు. పుచ్చిన దాని మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడతాడు. ఆ తర్వాత గుర్తు ఉన్న పలకలే కోసి కొత్తవి వేస్తాడు. గుర్తు లేని పలక జోలికే పోడు.

నెల కిందట ఒక గుర్తు చేప మీద పడింది.

అది పడవ వెనక మూల, పిచ్చుక కూర్చునే చోట, తాతయ్య చాకుతో చెక్కిన చేప. ఒకే పక్కన రెండు కళ్లు ఉంటాయి దానికి.

"చేపకి ఇలా ఉండవు తాతయ్యా!" అని పిచ్చుక పకపకా నవ్వితే, "ఇది నిన్ను కనిపెట్టుకుని ఉండాలి కదమ్మా, ఒక్క కన్ను ఏం చాలుతుంది?" అన్నాడు తాతయ్య.

ఆ చేపని కోసేస్తారా? మేస్త్రి భోజనానికి వెళ్లగానే పిచ్చుక బొటనవేలు తడిచేసుకుని సుద్ద గుర్తుని తుడిచేసింది. నాలుగు రుద్దులు. అంతే.

"ఏమే పిచ్చుకా, పడవకి కాపలా కాస్తున్నావా?"

మేస్త్రి గొంతు! పిచ్చుక రంగు పెచ్చు మీది నుంచి చటుక్కున చెయ్యి తీసేసింది. ఆయన వెనకే అమ్మ, మామయ్య బకెట్లతో వచ్చారు. వాళ్లతో ఒక కొత్తాయన కూడా ఉన్నాడు. ఆయన రేవు ఆసామి. ఆయనవి నాలుగు పాత పడవలు ఉన్నాయి. ఈ పడవ నచ్చితే ఆ నాలుగూ బాగుచేసే పని మేస్త్రికే వస్తుంది.

"ఈ పలక ఏంటి, వాడలేదా?" గోడకి ఆనించి ఉన్న కొత్త పలకని చూపించాడు ఆసామి.

"ఏడు తెప్పించానండీ, ఆరే పట్టాయి. ఎక్కడ పొరబడ్డానో మరి!" మేస్త్రి నవ్వాడు. పిచ్చుక నవ్వలేకపోయింది.

మామయ్య బకెట్టు ఎత్తి పడవ లోపల పోశాడు.

"నీళ్లలో పడవ ఉండాలి గానీ, పడవలో నీళ్లేంటయ్యా?" అన్నాడు ఆసామి.

"ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, సందులు మూసుకుంటాయి. కారితే ఇక్కడే కారనివ్వండి, ఏటి మధ్యలో కాదు," అన్నాడు మేస్త్రి.

పది బకెట్లు పోశారు. అక్కడక్కడా చెమట పట్టినట్టు తడి కనిపించి ఆగిపోయింది. మేస్త్రి తల ఊపాడు. పిచ్చుక మాత్రం వెనక మూల నుంచి కళ్లు తిప్పలేదు. ఆగు, ఆగు, కారకు...

ఒక చుక్క పడింది. ఇంకొకటి. తర్వాత దారంలా ధార కట్టింది. లోపల రంగు పెచ్చు ఊడి నీళ్ల మీద తేలింది. బయట ధార వేలంత లావయింది.

 మేస్త్రి కొయ్యసుత్తి తీసుకుని ఆ పలక మీద కొట్టాడు.

దబ్.

"రేపు ఇందులో జనాన్ని ఎక్కించేవాణ్ణి మేస్త్రిగారూ!" మామయ్య మండిపడ్డాడు. "పిల్లని కూడా!"

 అమ్మ చేతిలో ఖాళీ బకెట్టు అలాగే పట్టుకుని నిలబడింది. అది ఇంకా భయంగా ఉంది.

"చిన్నపిల్లకి కూడా వినిపించే చప్పుడిది," అన్నాడు మేస్త్రి మెల్లగా. "నాకు వినపడలేదు."

ఆసామి చెప్పులు వేసుకున్నాడు. "నేను తర్వాత కబురు చేస్తాలే మేస్త్రీ."

ఆ కబురు ఎప్పటికీ రాదని పిచ్చుకకి కూడా అర్థమైంది.

మేస్త్రి ఉలి, రంపం సంచిలో సర్దుకున్నాడు. కొయ్యసుత్తిని మాత్రం నేల మీదే వదిలేశాడు. "చెవి పోయినవాడికి ఇదెందుకు? నా కూలి మీకు తిరిగి ఇచ్చేస్తానమ్మా. ఇదే నా ఆఖరి పడవ."

 పిచ్చుకని ఎవరూ అడగలేదు. ఎవరూ అడగరు కూడా. నోరు మూసుకుని నిలబడితే చాలు, తప్పంతా మేస్త్రి మీదకే పోతుంది.

నీళ్ల అడుగున చేప రెండు కళ్లూ కనిపిస్తున్నాయి.

"ఆగండీ!" పిచ్చుక అరిచింది. గుమ్మం దగ్గర ఆసామి వెనక్కి తిరిగాడు.

మేస్త్రి సంచిలోంచి సుద్దముక్క లాక్కుంది. ధార కారుతున్న పలక మీద, బయటి వైపు, పెద్ద ఇంటూ గుర్తు గీసింది. తడికి సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతో మళ్లీ గీసింది. మోచేతి దాకా తడిసిపోయింది.

"ఏంటే ఇది?" అంది అమ్మ.

"ఏడో గుర్తు," అంది పిచ్చుక. మేస్త్రి వైపు తిరిగింది. "నీ చెవి బాగానే ఉంది మేస్త్రి తాతా. నువ్వు ఏడే పెట్టావు. నువ్వు అన్నానికి వెళ్లినప్పుడు ఒకటి నేను తుడిచేశాను. తాతయ్య చేపని కోసేస్తావని భయమేసింది. మిగిలిపోయిన పలక దీనిదే. పొద్దున వేలు పెడితే దిగిపోయింది, అప్పుడూ చెప్పలేదు. రంగు అతికించేసి ఊరుకున్నాను. మామయ్య నిన్ను అంటుంటే కూడా ఊరుకున్నాను. ఆసామిగారూ, తప్పు చేసింది నేను, తాత కాదు." కళ్లు తుడుచుకుని, నేల మీది కొయ్యసుత్తిని రెండు చేతులతో ఎత్తి ఆయనకి అందించింది. "కోసెయ్యి తాతా. పలక కదలకుండా నేను పట్టుకుంటాను."